ఈ గిన్నె గుండ్రంగా లేదు, గమనించారా?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు స్లైడ్లు తెస్తారా అని అడిగారు. స్లైడ్లు వద్దు, సామానే తెస్తానన్నాను. ఇదిగో, ఈ బల్ల మీదున్నవన్నీ మా ఇంట్లోవి, నేను పోగుచేసుకున్న పాత అమెరికా సామాను. పొద్దున మా అమ్మాయి, నేను కలిసి దుప్పట్లలో చుట్టి కారులో పెట్టుకుని తెచ్చాం.

ముందు ఈ చెక్క గిన్నె చూడండి. రొట్టెల పిండి కలుపుకునేది. పైకి గుండ్రంగానే కనిపిస్తుంది కదా, కానీ టేపు పెట్టి ఇటు కొలిస్తే 18 అంగుళాలు, అటు తిప్పి కొలిస్తే 17 అంగుళాల పావు. చేసినవాడికి చేతకాక కాదు. తరిమెన మీద, అంటే చెక్కను తిప్పుతూ చెక్కే లేతు మీద, పట్టిన రోజు ఇది అచ్చంగా గుండ్రంగానే ఉండి ఉంటుంది. చెక్కకు నార ఉంటుంది, ఆ నార పొడవునా చెక్క దాదాపు కుంచించుకుపోదు, అడ్డంగా మాత్రం ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. అప్పట్లో పచ్చి చెక్కనే పట్టేవాళ్లు కాబట్టి ఆరాక గిన్నె కోడిగుడ్డు వాటంగా మారిపోయింది. ఈ సంగతి నాకు చెప్పింది ఒక ముసలాయన, పెన్సిల్వేనియాలో ఆడమ్స్‌టౌన్ అని పాత సామాన్ల దుకాణాలకు పేరుమోసిన ఊరుంది, అక్కడి ఆదివారం సంతలో. నేను డబ్బులు తీయబోతుంటే ఆగమని, జేబులోంచి టేపు తీసి నా చేతికిచ్చి, నువ్వే కొలువు అన్నాడు. అప్పట్నుంచీ నా హ్యాండ్‌బ్యాగులో టేపు లేకుండా నేను బయటికి వెళ్లలేదు.

ఇలాంటి పాత అమెరికా సామానును అమెరికానా అంటారు. ఆ మాట వింటే చాలామంది జెండాలు, కౌబాయ్ బొమ్మలు అనుకుంటారు. నేను పోగుచేసేది అది కాదు. గొప్పవాళ్ల ఇళ్లలోని వెండి సామాను, మహాగనీ బీరువాలు కూడా కాదు. పల్లెల్లో, పొలాల్లో బతికినవాళ్లు 1700లు, 1800లలో తమకోసం తాము చేసుకున్నవి, లేదా ఊళ్లో కమ్మరి, కుమ్మరి, వడ్రంగి చేసిపెట్టినవి. పిండి తొట్టెలు, వెన్న ముద్ద మీద పువ్వు పడేలా నొక్కే చెక్క అచ్చులు, కొవ్వొత్తులు పోసే అచ్చులు, జాడీలు, బుట్టలు, పొయ్యిలో నిప్పుల మీదే నిలబెట్టే మూడు కాళ్ల ఇనప పెనాలు. ఇక్కడి వ్యాపారులు వీటిని ప్రిమిటివ్స్ అంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఈ గిన్నె చేసినవాడి పనిలో మోటుతనం ఎక్కడా లేదు, వేలు పెట్టి చూడండి, అంచు ఎంత పలచగా దిగిందో.

ఇందులోకి నేను ఎలా వచ్చానో చెప్తాను. పదిహేడేళ్ల కిందట పెన్సిల్వేనియాలోనే బక్స్ కౌంటీకి కాపురం వచ్చాం. ఒక శనివారం దగ్గర్లో ఎవరో రైతు ఇంటి సామాను వేలం వేస్తున్నారంటే కాలక్షేపానికి వెళ్లాను. అక్కడ బాక్స్ లాట్ అని పెడతారు, అంటే విడిగా ఎవరూ కొనని చిల్లర సామాను అంతా ఒక అట్టపెట్టెలో పడేసి, పెట్టె మొత్తానికి ఒకే పాట. 12 డాలర్లకు ఒక పెట్టె నాదయింది. అందులో తుప్పు పట్టిన గరిటెలు, గొళ్లేలు, వాటి మధ్య ఒక పొడుగాటి కర్ర, దాని కొసన అడ్డంగా రెండు చెక్కలు. చూడగానే ఇది కవ్వం కదా అనుకున్నాను. నిజంగా కవ్వమే. కాకపోతే మనం తాడు చుట్టి తిప్పుతాం, వీళ్లు పొడుగాటి చెక్క పీపాలో మీగడ పోసి, మూత మధ్య కన్నంలోంచి ఈ కర్రను పైకీ కిందకీ దంచుతారు. కర్ర మీద సరిగ్గా రెండు చేతులు పట్టుకునే చోట అరిగి నున్నగా పల్లం పడింది. ఆ పల్లంలో నా చేతులు పెట్టి చూసుకున్నాను. సరిపోయాయి. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు పడగొట్టినప్పుడు కవ్వం, భోషాణం, రోకళ్లు ఎటు పోయాయో అప్పటికి మాలో ఒక్కరికీ తెలియదు, ఒక్కరమూ అడగలేదు. ఎవరిదో తెలియని కవ్వం పట్టుకుని ఆ వేలం మైదానంలో నేను ఏడ్చాను. అదీ మొదలు.

ఇలా పెంట మీదికి పోయే సామాను చూసి ఆగిపోయినవాడు నాకంటే చాలా ముందు మా కౌంటీలోనే ఒకాయన ఉన్నాడు. హెన్రీ మెర్సర్. పురావస్తు పరిశోధకుడు. 1897లో పొయ్యి పటకారు ఒకటి కావాలని, పల్లె వేలాల్లో ఎవరికీ అక్కర్లేని సామానంతా కారుచవకగా కొని పోగేసే ఒక మనిషి దగ్గరికి వెళ్లాడు. అక్కడ గుట్టగా పడి ఉన్న ఉప్పు పెట్టెలు, నార తీసే చెక్కలు, గడ్డి తేనెపట్టు బుట్టలు, రాట్నాలు చూశాడు. భూమి తవ్వి వేల ఏళ్ల కిందటి పనిముట్లు వెతికే మనిషికి, నిన్నమొన్నటి పనిముట్లు కళ్లముందే మట్టిలో కలిసిపోతున్నాయని అప్పుడు తట్టింది. అక్కడ్నుంచి వేల వస్తువులు కూడబెట్టి, వాటికోసం డోయిల్స్‌టౌన్‌లో ఒక మ్యూజియం కట్టించాడు, 1916లో పూర్తయింది. నిప్పంటే భయంతో మొత్తం కాంక్రీటే. లోపలికి అడుగుపెడితే తలెత్తి చూడాలి, బండి, పడవ, కుర్చీలు, ఉయ్యాలలు అన్నీ పైకప్పు నుంచీ గోడల నుంచీ వేలాడుతుంటాయి. ఇంతమంది ఫిలడెల్ఫియా చుట్టుపక్కలే ఉంటున్నాం, పిల్లల్ని తీసుకుని ఒక్కసారి వెళ్లండి. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు వెళ్లి, బయటికొచ్చాక ఇవన్నీ ఎవరు చేశారమ్మా అని అడిగింది. ఎవరు కొన్నారని అడగలేదు.

ఇప్పుడు అసలు పని. పాతదని ఎలా తెలుస్తుంది? ముందువైపు చూడకండి. ముందువైపు అమ్మేవాడిది, దాన్ని తుడిచి మెరిపించి పెడతాడు. తిరగేసి అడుగు చూడండి, సొరుగు బయటికి లాగి వెనక చూడండి. ఈ చిన్న పెట్టె తిరగేస్తాను. ఈ అడుగు చెక్క మీద అరచేయి ఆనించి అడ్డంగా జరపండి, అలలు అలలుగా తగులుతుంది. చిత్రిక పట్టినప్పుడు పడిన గాడులు అవి. యంత్రం మీద పోయిన చెక్క అలా ఉండదు. రంపం గీతలు నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి తిన్నగా ఉంటే చేత్తోనో, నీటితో నడిచే పాత రంపంతోనో కోశారని. విల్లులా వంగిన గీతలుంటే గుండ్రటి రంపం, అది ఇక్కడ మిల్లుల్లో బాగా వాడకంలోకి వచ్చింది సుమారుగా 1830 తర్వాత. ఇక మేకులు. కమ్మరి ఒక్కొక్కటీ కొట్టిన మేకు తల నాలుగైదు సమ్మెట దెబ్బలతో గులాబీ మొగ్గలా ఉంటుంది. 1790ల నుంచి ఇనప రేకు లోంచి యంత్రంతో కత్తిరించిన చదును మేకులు వచ్చాయి, 1800లలో చాలా భాగం అవే. మనకు అలవాటైన గుండ్రటి తీగ మేకులు సుమారు 1890 నుంచి. స్క్రూలకైతే 1840ల దాకా కొస మొండిగా ఉండేది, ఆ తర్వాతే మొన వచ్చింది. కాబట్టి 1780 నాటిదని అమ్ముతున్న పెట్టెలో తీగ మేకు కనిపిస్తే, ఎవరో తర్వాత రిపేరు చేసుండాలి, లేదా ఆ తేదీ అబద్ధం. ఏది నిజమో తెలియాలంటే మేకు చుట్టూ చూడాలి. పాత మేకు తుప్పు చెక్కలోకి దిగి నల్లటి మరక కట్టి ఉంటుంది. అక్కడే ఇంకో ఖాళీ కన్నం ఉంటే పాత మేకు ఊడి కొత్తది వేశారన్నమాట.

ఇవన్నీ చూసినా ఏదో ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకూడదు. పాత చెక్కలతో కొత్తగా చేసిన బల్లలు చాలా చూశాను. ఒక బీరువా పైభాగం, ఇంకోదాని కింది భాగం కలిపి ఒకటే అని అమ్ముతారు, వాటిని ఇక్కడ మ్యారేజ్ అంటారు. అరుగుదల ఉండాల్సిన చోటే ఉందా అన్నది నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే పరీక్ష. కుర్చీ ముందు అడ్డకర్ర మీద కాళ్లు పెడతాం కాబట్టి అక్కడ అరగాలి. వెనక అడ్డకర్ర కూడా అంతే అరిగి ఉంటే ఎవరో ఆకురాయి పట్టినట్టే.

ఇప్పుడీ జాడీ. దీన్ని చూస్తే మీకేం గుర్తొస్తుంది? అవును, ఆవకాయ. ఇక్కడివాళ్లకు క్యాబేజీ ఊరగాయ, ఉప్పు వేసిన మాంసం, వెన్న. పనైతే ఒకటే, పులుపునీ ఉప్పునీ తట్టుకుని ఏడాది నిలవ ఉంచాలి. దీన్ని స్టోన్‌వేర్ అంటారు. ఆవం బాగా కాగి తెల్లబడిన సమయంలో పై కన్నాల్లోంచి గుప్పెళ్లతో ఉప్పు విసురుతారు. ఆ వేడికి ఉప్పు ఆవిరై మట్టిలోని ఇసుకతో కలిసి జాడీ ఒంటి మీద గాజు పొరలా పరుచుకుంటుంది. అందుకే దీని ఒళ్లు నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలతో ఉంటుంది, తడిమి చూడండి. ఈ నీలం పువ్వు కోబాల్ట్‌తో వేసింది, అంత వేడికీ మాడిపోని రంగు అదొక్కటే అన్నట్టుగా అందరూ అదే వాడారు. ఈ 2 అంకె రెండు గ్యాలన్లు పడుతుందని. మంచి స్టోన్‌వేర్ మట్టి న్యూజెర్సీలో ఉండేది, పడవల మీద కాలువల గుండా పై ఊళ్లకు వెళ్లేది. వెర్మాంట్‌లో బెన్నింగ్టన్ నార్టన్ కుటుంబం 1793 నుంచి 1894 దాకా నూరేళ్లు కుండలు చేసింది. వాళ్ల ముద్ర కాలానికో తీరుగా మారుతూ వచ్చింది, కాబట్టి ముద్ర చూసి ఏ పదేళ్లలో చేశారో చెప్పగలం.

కానీ జాడీల గురించి మాట్లాడుతూ ఒక మనిషి పేరు చెప్పకుండా దాటిపోలేను. డేవిడ్ డ్రేక్. దక్షిణ కరోలినాలో ఎడ్జ్‌ఫీల్డ్ దగ్గర బానిసగా పుట్టిన కుమ్మరి. 1834లో ఆ రాష్ట్రం బానిసలకు చదువు చెప్పడం నేరమంటూ చట్టం చేసింది. అదే ఏడాది నుంచి ఈయన తన జాడీల మీద, మట్టి ఇంకా తడిగా ఉండగానే, తేదీ వేసి, రెండు పాదాల పద్యం రాశాడు, తర్వాత తర్వాత డేవ్ అని సంతకమూ చేశాడు. చదవడం వచ్చని దాచుకోవాల్సిన కాలంలో, మాంసం నిలవ పెట్టుకునే జాడీ మీద, అందరూ చూసేలా. 1857లో రాసిన ఒకదానిలో, నా బంధువులంతా ఎక్కడున్నారో కదా అని తలచుకుని, అందరికీ అన్ని జాతులకూ స్నేహం అంటాడు. కుటుంబాలను విడదీసి అమ్మేసే రోజుల్లో రాసిన మాట అది. 1859లో చేసిన రెండు జాడీలైతే సుమారు 40 గ్యాలన్లు పడతాయి, అంటే 150 లీటర్లు, అంత మట్టిని ఒక్క మనిషి సారె మీద లేపలేడు, ఇంకొకరి సాయంతో చేశాడు. 2021లో ఆయన జాడీ ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు ఆర్కన్సాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం కొనుక్కుంది. ఆ డబ్బు మాట నాకు ముఖ్యం కాదు. ఇదంతా పోగుచేసే మాలాంటివాళ్లం చేత్తో చేసింది అని మురిసిపోతాం, ఆ చెయ్యి ఎవరిదో, ఆ చేతికి కూలి ముట్టిందో లేదో అడగం. డేవ్ తన పేరు తానే రాసుకున్నాడు గనక మనకు తెలిసింది. నా దగ్గరున్న ఈ గిన్నె మీద పేరు లేదు, కవ్వం మీద పేరు లేదు. వెల అడగడానికి ముందు ఇది ఎవరి ఇంట్లోంచి వచ్చింది, ఏ ఊరు అని అడుగుతాను. సగం మంది తెలియదంటారు. తెలిసినవాళ్లు చెప్పింది అక్కడికక్కడే రాసుకుంటాను.

నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. రెండో ఏడో మూడో ఏడో, నీలం రంగు వేసిన ఒక ఉప్పు పెట్టె దొరికింది. రంగు అక్కడక్కడా పెచ్చులూడి, నల్లగా జిడ్డు పట్టి ఉంది. శుభ్రం చేద్దామని వంటింటి స్క్రబ్బరూ సబ్బునీళ్లూ పెట్టి రుద్దాను, అది చాలక రంగు తీసే ద్రావకం పూశాను. సాయంత్రానికి కొత్త పెట్టెలా తెల్లగా వచ్చింది. ఈ సామాను గురించి తెలిసిన ఒకావిడకు చూపిస్తే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అది పాల రంగు. పాలు, సున్నం, రంగు మట్టి కలిపి ఇంట్లోనే చేసుకునేవాళ్లు, ఆరిందంటే రాయిలా పట్టేస్తుంది. నూట యాభై ఏళ్లు ఉప్పు తీసిన వేళ్లు ఎక్కడ తగిలాయో ఆ రంగు అరుగుదలే చెప్పేది. ఒక్క మధ్యాహ్నంలో నేను దాన్ని చెరిపేశాను. ఆ పెట్టె ఇప్పటికీ వంటింట్లోనే పెట్టుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా కడుపులో కలుక్కుమంటుంది. మీరు ఏదైనా కొంటే మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము దులపండి, అంతే. ఒక ఏడాది ఇంట్లో ఉంచుకుని చూసి, ఆ తర్వాత కూడా ఏమైనా చెయ్యాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

షేకర్ల పెట్టెల గురించి అడుగుతారని తెలుసు, ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. 1774లో ఆన్ లీ అనే ఆవిడ ఇంగ్లండ్ నుంచి కొద్దిమందితో వచ్చి స్థాపించిన క్రైస్తవ మత సమాజం వాళ్లది. పెళ్లిళ్లు లేవు, ఆస్తి అంతా ఉమ్మడి, పని చేయడమే ప్రార్థన. ఈ కోలగా ఉన్న పెట్టె చూడండి. మేపుల్ చెక్కను పలచటి పట్టీగా కోసి, వేడి నీళ్లలో మెత్తబరిచి, అచ్చు చుట్టూ వంచారు. కలిసే చోట పట్టీ కొసను వేళ్లలా చీల్చి రాగి చీలలు కొట్టారు. ఆ వేళ్లు అలంకారం కాదు, తేమకు చెక్క ఉబ్బినా కుంచించుకున్నా పగలకుండా ఆ సందులు చోటిస్తాయి. రాగి ఎందుకంటే తుప్పు పట్టి చెక్కను మరక చేయదు. ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా వరస సైజుల్లో చేసేవాళ్లు, మన స్టీలు డబ్బాల్లాగే. 1923లో ఎడ్వర్డ్, ఫెయిత్ ఆండ్రూస్ అనే భార్యాభర్తలు మసాచుసెట్స్‌లోని హాన్‌కాక్ షేకర్ల ఊళ్లో రొట్టె కొనుక్కుందామని కారు ఆపి, ఆ వంటింట్లో సామాను చూసి, ఇక జీవితమంతా దాని మీదే గడిపారు. రొట్టె కోసం ఆగినవాళ్లు!

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మాత్రం ఇవి. వీటిని మేక్-డూలు అంటారు. ఈ గాజు దీపం కాలు విరిగింది, పారేయకుండా ఒక చెక్క ముక్కను చెక్కి కాలుగా బిగించారు. ఈ పింగాణీ టీ కెటిల్ ముక్కు పోతే కమ్మరి రేకు ముక్కు అతికాడు. ఈ చిన్న గిన్నె పగిలితే పగులుకు అటూ ఇటూ సన్నటి కన్నాలు చేసి తీగతో కుట్టారు, నిజంగా కుట్టే, దగ్గరికొస్తే కనిపిస్తుంది. మా చిన్నప్పుడు బిందెలకు మాట్లేస్తామని అరుచుకుంటూ ఒకాయన వీధిలోకి వచ్చేవాడు, మీలో కొంతమందికైనా గుర్తుండే ఉంటుంది. అలా మాటు వేసిన బిందె అంటే మాకు చిన్నతనంగా ఉండేది, చుట్టాలొస్తే లోపల పెట్టేవాళ్లం. ఇక్కడ నేను దానికోసమే తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని మసాచుసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్ దాకా వెళ్తున్నాను. మే, జూలై, సెప్టెంబరు నెలల్లో అక్కడ రోడ్డుకు రెండువైపులా పొలాల్లో పెద్ద సంత జరుగుతుంది. వెళ్తే మంచి బూట్లు వేసుకోండి, నీళ్ల సీసా, చిల్లర నోట్లు పెట్టుకోండి.

బుట్టల గురించి ఒక్క మాట. ఈ బుట్ట అమెరికా ఈశాన్యంలో వబనాకీ అనే ఆదివాసీ తెగల వాళ్లు చేసిన పద్ధతిది. బ్లాక్ యాష్ అనే చెట్టు దుంగను సుత్తితో అదేపనిగా కొడతారు, కొట్టగా కొట్టగా ఒక్కో ఏడాది వలయం ఒక్కో పొరగా ఊడొస్తుంది, ఆ పొరలే బద్దలు. మన మేదర్లు వెదురు చీల్చడం చూసినవాళ్లకు ఆ ఓపిక ఏంటో తెలుస్తుంది. 2002లో మిషిగన్‌లో ఒక పచ్చటి పురుగు కనిపించింది, ఆసియా నుంచి వచ్చింది, అప్పట్నుంచీ దానివల్ల కోట్ల యాష్ చెట్లు చచ్చిపోయాయి. కాబట్టి ఈ పని నిలవాలంటే ఇప్పుడు చేస్తున్నవాళ్ల దగ్గరే కొత్త బుట్ట కొనండి, పాతదే కావాలని పట్టుబట్టకండి. ఖరీదు ఎక్కువ అనిపిస్తుంది, ఆ దుంగ కొట్టడం ఒక్కసారి చూస్తే అలా అనిపించదు.

ఇందాక ఒకావిడ ఆ ఎర్ర మట్టి జాడీలో చింతకాయ పచ్చడి పెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దమ్మా, అస్సలు వద్దు. అది రెడ్‌వేర్, దాని మెరుపు సీసంతో చేసింది. పులుపు తగిలితే ఆ సీసం పచ్చడిలోకి దిగుతుంది. చూసుకోవడానికి మాత్రమే. పాల రంగు మీద తర్వాతి కాలంలో వేసిన పాత పెయింట్లలో కూడా సీసం ఉంటుంది, పసిపిల్లల నోటికి అందనివ్వకండి.

ధరల మాటకొస్తే, సాదా చెక్క సామాను ఇరవై ఏళ్ల కిందటి కన్నా ఇప్పుడు చవక, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మంచి సమయం. పెట్టుబడి అనుకుని మాత్రం కొనకండి. నేను కొన్న ప్రతిదానికీ ఒక చీటీ ఉంటుంది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర, వాళ్లేం చెప్పారో పెన్సిలుతో రాసి దాని లోపలే పెడతాను. జిగురు పెట్టి అంటించను. ఈ చివరనున్న చిన్న కవ్వం ఇక్కడిది కాదు, మా పిన్ని పోయిన ఏడాది ఇంట్లో అటకంతా వెతికి పంపించింది. దాని చీటీలో అమ్మమ్మ పేరు, ఊరు, దాన్ని చేసిన వడ్రంగి పేరు ఉన్నాయి. వడ్రంగి పేరు పిన్నికి గుర్తుంది. నేను ఫోన్‌లో అడిగే వరకూ ఎవరూ ఆమెను అడగలేదట.

ఇక బల్ల దగ్గరికి రండి. అన్నీ ముట్టుకోవచ్చు, ఉంగరాలు తీసి ముట్టుకోండి. జాడీని చెవులు పట్టుకుని ఎత్తకండి, పాత చెవులు ఊడొస్తాయి, ఒక చెయ్యి అడుగున పెట్టి రెండో చేత్తో పొట్ట పట్టుకోండి. టేపు ఇక్కడే పెడుతున్నాను, గిన్నె మీరే కొలుచుకోండి.